సంతకం ఎవరిది, నిర్ణయం ఎవరిది: ఓబుళాపురం కేసులో డిఫెన్స్ దారులు

2025 మే 6న నాంపల్లిలోని సీబీఐ ప్రత్యేక కోర్టు ఓబుళాపురం మైనింగ్ కంపెనీ (ఓఎంసీ) కేసులో తీర్పు చెప్పింది. కర్ణాటక మాజీ మంత్రి గాలి జనార్దన్‌రెడ్డికి, ఆయన బావమరిది, కంపెనీ ఎండీ బీవీ శ్రీనివాస్‌రెడ్డికి, అప్పటి గనుల శాఖ డైరెక్టర్ వీడీ రాజగోపాల్‌కు, జనార్దన్‌రెడ్డి వ్యక్తిగత సహాయకుడు మెఫజ్ అలీఖాన్‌కు ఏడేళ్ల చొప్పున జైలు పడింది. అవినీతి నిరోధక చట్టం కింద రాజగోపాల్‌కు మరో నాలుగేళ్లు విధించారు. కంపెనీని కూడా దోషిగా తేల్చారు. అదే తీర్పులో అప్పటి గనుల మంత్రి సబితా ఇంద్రారెడ్డి, మాజీ పరిశ్రమల శాఖ కార్యదర్శి కృపానందం నిర్దోషులుగా బయటపడ్డారు.

కేసు ఒక్కటే, కుట్ర ఆరోపణ ఒక్కటే, ఫైలూ ఒక్కటే. ఆ ఫైలు నడిచిన మెట్లలో కింది మెట్టు మీద ఉన్నవాళ్లు జైలుకు వెళితే, పై మెట్టు మీద ఉన్నవాళ్లు ఇంటికి వెళ్లారు. ఆ సాయంత్రం నుంచే టీవీ చర్చల్లో ఒకరు న్యాయం గెలిచిందన్నారు, ఇంకొకరు పెద్ద చేపలు తప్పించుకున్నాయన్నారు. రెండు మాటలూ కేసు లోపలికి తీసుకెళ్లేవి కావు. ఈ తీర్పు అర్థం కావాలంటే పదిహేనేళ్లకు పైగా నిందితుల తరఫు వాదన ఏయే దారుల్లో నడిచిందో చూడాలి. నేరమే జరగలేదని చెప్పడం వాటిలో అన్నిటికంటే బలహీనమైన దారి. జరిగిందేదో తన బల్ల మీద జరగలేదని చెప్పడమే బలమైన దారి అయింది.

ఒక్క మాట చుట్టూ తిరిగిన కేసు

అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలంలో, కర్ణాటకలోని బళ్లారి అడవిని ఆనుకుని ఇనుప ఖనిజం కొండలున్నాయి. 2007 జూన్‌లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఓఎంసీకి అక్కడ 68.5 హెక్టార్లు, 39.5 హెక్టార్లు లీజుకిస్తూ ఉత్తర్వులు జారీ చేసింది. ఆ భూమి కోసం ఇంకా చాలామంది దరఖాస్తు పెట్టుకున్నారు. వాళ్లందరినీ కాదని ఓఎంసీకి ఇవ్వడానికి చూపిన కారణం ఉక్కు కర్మాగారం. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్ రాబోతోంది, తవ్విన ఖనిజం ఆ కర్మాగారానికే వాడతారు అన్నది సిఫారసు సారాంశం. సొంత కర్మాగారం అవసరానికి మాత్రమే తవ్వుకోవడాన్ని గనుల భాషలో క్యాప్టివ్ మైనింగ్ అంటారు.

అప్పట్లో ఇనుప ఖనిజం లీజును రాష్ట్రం సొంతంగా ఇవ్వడానికి వీల్లేదు. 1957 నాటి గనుల, ఖనిజాల చట్టం ప్రకారం కేంద్రం ముందస్తు ఆమోదం కావాల్సి ఉండేది. రాష్ట్రం సిఫారసు పంపేది, కేంద్రం ఆమోదించేది, ఆ తర్వాత రాష్ట్రం జీవో ఇచ్చేది. సీబీఐ ఆరోపణ ఇక్కడే పుట్టింది. సిఫారసు దశలో ఉన్న క్యాప్టివ్ అన్న షరతు, చివరి జీవోకు వచ్చేసరికి మాయమైంది. ఆ ఒక్క మాట లేకపోవడంతో ఖనిజాన్ని ఎవరికైనా అమ్ముకోవచ్చు, ఓడలెక్కించి ఎగుమతి చేసుకోవచ్చు. చైనా ఇనుప ఖనిజాన్ని ఎంత దొరికితే అంత కొంటున్న రోజులవి.

రెండో ఆరోపణ గుంతకు సంబంధించింది. లీజు తీసుకున్న నేలలో తవ్వింది తక్కువ, పర్మిట్ల మీద బయటికి పోయింది ఎక్కువ అని సీబీఐ అంది. అంటే పక్క లీజుల్లో, బళ్లారి రిజర్వు అడవిలో తవ్విన ఖనిజాన్ని తమ లీజులోదిగా చూపించి లారీల్లో పంపేశారని. రెండు రాష్ట్రాల మధ్య హద్దు రాళ్లు చెరిపేశారన్న ఫిర్యాదు కూడా ఇందులో భాగమే. అన్నీ కలిపి ఖజానాకు జరిగిన నష్టం 884 కోట్ల రూపాయలకు పైగా అని లెక్క కట్టారు.

ఈ రెండు ఆరోపణల స్వభావం వేరు. గుంత సంగతి సర్వే చేసేవాళ్లు కొలిచి చెప్పగలరు. ఎన్ని టన్నులు తీశారో, ఎన్ని టన్నులకు పర్మిట్లు పుట్టాయో కాగితం మీద పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. దానికి ఎదురుగా ఓఎంసీ వైపు నుంచి వచ్చిన వాదన అంతర్రాష్ట్ర హద్దే తేలలేదు కదా, తేలని హద్దును దాటామని ఎలా అంటారు అన్నది. వినడానికి గట్టిగానే ఉంటుంది. కానీ తవ్వకానికీ అమ్మకానికీ మధ్య తేడాకు హద్దు వివాదం జవాబు చెప్పదు. మాట మాయమైన సంగతి అలా కాదు. అక్కడ కొలవాల్సింది మనుషుల మనసు. ఎవరు తీసేశారు, తెలిసి తీసేశారా, ఎవరికి లాభం కలగాలని తీసేశారు? క్రిమినల్ కేసులో డిఫెన్స్ లాయరుకు కావాల్సిన జాగా అక్కడ దొరుకుతుంది.

ఫైలు పైకి పోయే కొద్దీ

సచివాలయం ఫైలు చూసినవాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. ఫైల్లో రెండు భాగాలుంటాయి. వచ్చిన దరఖాస్తులు, ఉత్తరాలు, నివేదికలు కరెంట్ ఫైల్లో ఉంటాయి. వాటి మీద ఎవరు ఏమన్నారో నోట్ ఫైల్లో ఉంటుంది. జిల్లాలో గనుల శాఖ సహాయ సంచాలకుడు పొలానికి వెళ్లి చూసి నివేదిక రాస్తాడు. డైరెక్టర్ దాన్ని పరిశీలించి సిఫారసు చేస్తాడు. సచివాలయంలో సెక్షన్ ఆఫీసర్ పేజీలకు పేజీలు నోట్ రాస్తాడు, ఏ రూలు ఏం చెబుతుందో ఎత్తి చూపుతాడు. పైకి పోయే కొద్దీ రాత తగ్గిపోతుంది. కార్యదర్శి దగ్గర రెండు వాక్యాలు. మంత్రి దగ్గర చాలాసార్లు ఒక సంతకం, ఒక తేదీ, అంతే.

ఇందులోనే డిఫెన్స్ బలం ఉంది. కింద ఎంత ఎక్కువ రాశారో అంత ఎక్కువ సాక్ష్యం. డైరెక్టర్ రాసిన ప్రతి వాక్యాన్నీ ప్రాసిక్యూటర్ చదివి వినిపించి, ఇది నిజమా, దరఖాస్తుదారుల జాబితాను ఇలా ఎందుకు తిప్పారు అని అడగవచ్చు. మంత్రి సంతకం పక్కన అడగడానికి వాక్యమే లేదు. అధికారులు పరిశీలించి పంపిన ఫైలు మీద మామూలు పద్ధతిలో సంతకం పెట్టాను, లాభం తీసుకున్నట్టు ఒక్క రూపాయి ఆధారం లేదు అన్న వాదన నిలబడాలంటే ఆ ఖాళీయే చాలు. సంతకం తనది కాదని అనాల్సిన పని కూడా ఉండదు.

దీన్ని తప్పించుకునే ఎత్తుగడ అని తీసిపారేయడం సరికాదు. క్రిమినల్ చట్టం కోరేది తెలిసి చేసిన తప్పును. పొరపాటు నిర్ణయం, అజాగ్రత్త, శాఖ మీద పట్టు లేకపోవడం, ఇవేవీ వాటంతట అవే కుట్ర కావు. మంత్రికీ లబ్ధిదారుకూ మధ్య ఒప్పందం ఉందని సందేహానికి తావు లేకుండా చూపించాల్సిన బాధ్యత సీబీఐది. చూపించలేకపోతే వదిలేయడమే కోర్టు ధర్మం. ఆ కొలబద్ద మీద చూస్తే ఆ ఇద్దరి విడుదలలో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు.

బాధ కలిగించేది వేరే ఉంది. మన దగ్గర మంత్రిని జవాబు అడిగే చోటు క్రిమినల్ కోర్టు ఒక్కటే అయిపోయింది. శాసనసభలో, శాసనసభా సంఘాల్లో, పార్టీలో అడగాల్సిన ప్రశ్నలన్నీ అడగకుండా వదిలేసి, చివరికి ఏడేళ్ల జైలు వేసే కోర్టునే అన్నిటికీ తేల్చమంటున్నాం. అక్కడ సందేహానికి తావు ఉందని తేలిన క్షణంలో, రాజకీయంగా కూడా కడిగిన ముత్యమై బయటికి వచ్చినట్టు లెక్క. మంత్రిగా ఆ శాఖలో ఏం జరుగుతోందో మీరెందుకు చూసుకోలేదు అన్న ప్రశ్నకు క్రిమినల్ కోర్టులో చోటు లేదు. బయట అడిగేవాళ్లు కనబడరు.

ఆ మెట్ల పైన ఇంకో మెట్టు ఉంది. అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. ఆయన ఈ కేసులో నిందితుడు కారు. ఆ కాలం నాటి జీవోల మీద నడిచిన కేసులన్నిటిలోనూ డిఫెన్స్‌కు దొరికిన మాట ఒకటుంది: అది ప్రభుత్వ సమష్టి నిర్ణయం, నా ఒక్కరిది కాదు. రాజ్యాంగం 166వ అధికరణ ప్రకారం ప్రభుత్వ ఉత్తర్వులన్నీ గవర్నర్ పేరు మీదే వెలువడతాయి, బిజినెస్ రూల్స్ ప్రకారం ఫైళ్లు నడుస్తాయి. కాబట్టి ఆ వాదనకు చట్టంలో కాలు మోపే చోటుంది. సమష్టి అంటే ఎవరెవరు అని తిరిగి అడిగితే, చివరి మాట చెప్పగలిగిన మనిషి మాత్రం లేరు.

కాలాన్ని వాడుకోవడం

నాంపల్లి కోర్టుల దగ్గర తిరిగే ఏ కక్షిదారును అడిగినా వాయిదా అన్న మాటకున్న బరువు చెబుతాడు. మామూలు మనిషికి వాయిదా శిక్ష. బస్సెక్కి వచ్చి, రోజు కూలి పోగొట్టుకుని, తేదీ రాయించుకుని తిరిగి పోవడం. డబ్బున్న నిందితుడికి అదే వాయిదా కవచం. ఓఎంసీ కేసు నడిచిన తీరు చూస్తే ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

2009 డిసెంబరులో రోశయ్య ప్రభుత్వం కోరిక మీద సీబీఐ కేసు నమోదు చేసింది. వెంటనే హైకోర్టు స్టే వచ్చింది. ఆ స్టే తొలగడానికి ఏడాది పట్టింది. 2011 సెప్టెంబరు 5న జనార్దన్‌రెడ్డిని, శ్రీనివాస్‌రెడ్డిని బళ్లారిలో అరెస్టు చేసి హైదరాబాద్ తీసుకొచ్చి చంచల్‌గూడ జైలుకు పంపారు. ఆ డిసెంబరులో మొదటి చార్జిషీటు పడింది. ఆ తర్వాత అదనపు చార్జిషీట్లు, కొత్త నిందితులు. అక్కడి నుంచి డిశ్చార్జి పిటిషన్ల కాలం మొదలైంది.

డిశ్చార్జి పిటిషన్ అంటే, నా మీద విచారణ జరపడానికి కూడా సరిపడా ఆధారం లేదు కాబట్టి ఇప్పుడే వదిలేయండి అని అడగడం. 2024 జూలై వరకు అమల్లో ఉన్న నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 239వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది, ఉండాల్సిన హక్కే. లేకపోతే ప్రభుత్వానికి గిట్టని ప్రతివాడినీ ఏళ్ల తరబడి బోనులో నిలబెట్టవచ్చు. చిక్కు ఎక్కడంటే, నిందితులు తొమ్మిది మంది ఉంటే తొమ్మిది పిటిషన్లు పడవచ్చు. ఒక్కోదానికి కౌంటరు, వాదనలు, ఉత్తర్వు. ఓడినవాళ్లు హైకోర్టుకు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు. అంతవరకు అభియోగాల నమోదే జరగదు, సాక్షి బోనెక్కడు. అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ఇలాంటి కేసుల్లో స్టేలు ఇవ్వకుండా గట్టి అడ్డుకట్టే వేసింది. 2018 సవరణ విచారణను రెండేళ్లలో ముగించేందుకు ప్రయత్నించాలనీ చెప్పింది. కాగితం మీద ఇంత ఉండీ, 2022 అక్టోబరులో జనార్దన్‌రెడ్డి బెయిలు షరతుల సడలింపు పిటిషన్ చూస్తున్నప్పుడు సుప్రీంకోర్టు గమనించిందేమిటంటే, కేసు పెట్టి పదకొండేళ్లు దాటినా విచారణ మొదలే కాలేదు. ఆ పరిస్థితిని ధర్మాసనం తీవ్రంగా తప్పుపట్టి, రోజువారీ విచారణ జరిపి ఆరు నెలల్లో ముగించమని ఆదేశించింది. గడువు తర్వాత పొడిగిస్తూ పోయి, చివరికి 2025 మేలో తీర్పు వచ్చింది.

ఆలస్యం వల్ల ప్రాసిక్యూషన్‌కు జరిగే నష్టం కంటికి కనబడదు. 219 మంది సాక్షులను విచారించారు, మూడు వేలకు పైగా పత్రాలను పరిశీలించారు. పదిహేనేళ్ల కిందట ఒక టేబుల్ మీద ఒక ఫైలు ఎవరు తెచ్చి ఇచ్చారో, డ్రాఫ్టులో ఒక గీత ఎవరి చేత్తో పడిందో ఎవరికి గుర్తుంటుంది? రిటైరైన సెక్షన్ ఆఫీసర్ను క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరు అడిగేది చాలా చిన్న ప్రశ్న: మీకు కచ్చితంగా గుర్తుందా? నిజాయితీపరుడైతే లేదనే చెబుతాడు. నిందితుల్లో ఒకరైన గనుల శాఖ సహాయ సంచాలకుడు విచారణ పూర్తి కాకముందే చనిపోయారు. ఈ కేసులో శిక్షలు పడిన తీరులో ఇది కూడా కనబడుతుంది. కాగితం బలంగా ఉన్నచోట, కొలత ఉన్నచోట శిక్ష పడింది. మనుషుల జ్ఞాపకం మీద, నోటి మాట మీద ఆధారపడాల్సిన చోట ప్రాసిక్యూషన్ జారింది.

బెయిలు కోసం కోర్టునే కొన్నారన్న కేసు

వ్యూహం అన్న మాట చాలని ఘట్టం కూడా ఇందులో ఉంది. 2012 మేలో సీబీఐ కోర్టు జడ్జి ఒకరు జనార్దన్‌రెడ్డికి బెయిలిచ్చారు. కోట్ల రూపాయలు చేతులు మారాయన్న సమాచారంతో సీబీఐ తీగ లాగింది. ఆ నెలాఖరులోనే హైకోర్టు జడ్జిని సస్పెండ్ చేసింది. జూన్‌లో ఏసీబీ ఆయన్ను అరెస్టు చేసింది. నిందితుడిని విచారించాల్సిన న్యాయాధికారే నిందితుడిగా నిలబడ్డ ఆ రోజులను హైదరాబాద్ లాయర్లు ఇప్పటికీ తలదించుకునే తలుచుకుంటారు. ఆ దెబ్బకు డిఫెన్స్‌కూ నష్టం జరిగింది. చట్టబద్ధంగా రావాల్సిన బెయిలు కూడా అనుమానపు నీడలో పడింది. జనార్దన్‌రెడ్డి 2015 జనవరిలో సుప్రీంకోర్టు నుంచి బెయిలు తెచ్చుకునే వరకు, అంటే దాదాపు మూడేళ్ల నాలుగు నెలలు లోపలే ఉన్నారు. బళ్లారి, అనంతపురం, కడప జిల్లాల్లో అడుగుపెట్టకూడదన్న షరతు మీద ఆ బెయిలు వచ్చింది.

ఈ మూడేళ్ల పైచిలుకు కాలానికి తీర్పు తర్వాత విలువ వచ్చింది. విచారణ ఖైదీగా గడిపిన రోజులను శిక్షలోంచి తీసివేయాలని సీఆర్‌పీసీ 428వ సెక్షన్ చెప్పింది. ఏడేళ్ల శిక్షలో దాదాపు సగం అప్పటికే అయిపోయింది. అప్పీలు తేలడానికి ఏళ్లు పడుతుంది, శిక్షలో సగం అనుభవించారు, బెయిలు మీద ఉన్నప్పుడు తప్పించుకు పోలేదు. ఈ మూడూ కలిస్తే శిక్ష అమలు నిలిపివేయమన్న పిటిషన్‌కు బలమైన వాదన తయారవుతుంది. 2025 జూన్ 11న తెలంగాణ హైకోర్టు జనార్దన్‌రెడ్డికి బెయిలిచ్చింది. తీర్పుకూ విడుదలకూ మధ్య గడిచింది అయిదు వారాలు.

హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు. సత్యం కంప్యూటర్స్ కేసులో 2015 ఏప్రిల్ 9న రామలింగరాజుకు పడింది కూడా ఏడేళ్లే. అప్పటికే ఆయన కూడా చాలా కాలం చంచల్‌గూడలో ఉన్నారు. నెల తిరిగేసరికి, మే 11న, సెషన్స్ కోర్టు శిక్ష అమలు నిలిపివేసింది. ఈ ఊళ్లో నడిచిన అతి పెద్ద ఆర్థిక నేరాల కేసులు రెండింటిలోనూ అసలు జైలు జీవితం తీర్పుకు ముందే గడిచింది, దోషి అని తేలాక గడిచింది కొద్ది వారాలే. నిర్దోషిగా భావించాల్సిన కాలంలో లోపల ఉంచి, దోషి అని తేల్చాక బయటికి పంపే పద్ధతి ఎవరికి మేలు చేస్తోందో ఆలోచించాలి. ఓఎంసీ కేసులోనే నిందితురాలైన ఐఏఎస్ అధికారి శ్రీలక్ష్మి దాదాపు ఏడాది జైల్లో ఉన్నారు. 2025 మే తీర్పు నాటికి ఆమె మీద విచారణ జరగనే లేదు.

రాజకీయ నాయకుడైన నిందితుడికి శిక్ష కంటే దోషి అన్న ముద్ర ఎక్కువ భయం. ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే సభ్యత్వం పోతుంది. అప్పీలు వేసుకుంటే సీటు నిలిచే వెసులుబాటును సుప్రీంకోర్టు 2013లో లిలీ థామస్ కేసులో కొట్టేసింది. అందుకే తీర్పు వచ్చిన రెండు రోజుల్లోనే గంగావతి ఎమ్మెల్యేగా జనార్దన్‌రెడ్డి అనర్హుడైనట్టు కర్ణాటక అసెంబ్లీ ప్రకటించింది. ఇలాంటి కేసుల్లో అప్పీలు కోర్టును రెండు వేర్వేరు కోరికలు అడగడం దీనివల్లే. శిక్ష ఆపితే మనిషి బయటికి వస్తాడు. దోషి నిర్ధారణనే ఆపితే పదవి కూడా నిలుస్తుంది.

విడివిడిగా కాపాడుకోవడం

కుట్ర కేసులో నిందితులందరూ ఒకే గొంతుతో వాదిస్తే కుట్ర ఉందన్న అనుమానమే బలపడుతుంది. ఇక్కడ ఎవరి గోడ వాళ్లు కట్టుకున్నారు. కంపెనీ వైపు వాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన లీజు చూపించుకునే అవకాశముంది, జీవోలో లేని షరతును మాకెలా అంటగడతారని అడగవచ్చు. అధికారులకు చూపించుకోవడానికి కింది నివేదికా, పై ఆమోదమూ ఉన్నాయి. మంత్రికి అధికారుల సిఫారసు ఉంది. ప్రతి ఒక్కరి వేలూ ఫైల్లో ముందు పేజీనో వెనక పేజీనో చూపిస్తుంది. మధ్యలో దొరికేది డైరెక్టర్ లాంటివాడు. రూలు తెలిసిన మనిషి, నోట్ రాసిన మనిషి, కింది నివేదికనూ పై ఆమోదాన్నీ కలిపిన మనిషి అతడే. తెలియదనడానికి అతడికి వీల్లేదు. రాజగోపాల్‌కు మిగతావాళ్లకంటే ఎక్కువ శిక్ష పడటాన్ని ఈ చోటు నుంచి చూడాలి.

శ్రీలక్ష్మి సంగతి ఈ విడివిడి పోరాటానికి మరో రూపం. సీబీఐ కోర్టు డిశ్చార్జికి ఒప్పుకోలేదు. 2022 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఆమె మీద కేసు కొట్టేసింది. అందువల్ల మిగతావాళ్ల విచారణలో ఆమె లేరు, తీర్పులో ఆమె పేరు మీద నిర్ణయం లేదు. నాంపల్లి తీర్పు వచ్చిన మర్నాడే, 2025 మే 7న, సుప్రీంకోర్టు ఆ డిశ్చార్జిని రద్దు చేసి మళ్లీ వినమని హైకోర్టుకు పంపింది. జూలైలో హైకోర్టు ఆమె పిటిషన్‌ను కొట్టేసింది.

దాంతో ప్రాసిక్యూషన్ ముందు ఒక చిక్కు నిలిచింది. జీవోలు వెలువడిన సమయంలో పరిశ్రమల శాఖ కార్యదర్శి కుర్చీలో ఉన్నది శ్రీలక్ష్మి. క్యాప్టివ్ అన్న మాట మాయమైంది సచివాలయంలో అయితే, ఆ గదిలో ఏం జరిగిందన్నది ఆమె విచారణలోనే పూర్తిగా బయటికి రావాలి. దోషులుగా తేలినవాళ్ల అప్పీళ్లు హైకోర్టులో ఉన్నాయి, వాళ్లు ఆ ఫైలును తమకు అనుకూలంగా చదివించుకుంటారు. ఆమె తరఫు లాయర్లు అదే ఫైలును కింది కోర్టులో ఇంకో రకంగా చదువుతారు. 2007 జూన్ నాటి ఆ నోట్ ఫైలు పేజీలు మరోసారి సాక్షుల చేతికి వెళతాయి. డ్రాఫ్టులో ఉన్న మాట శుద్ధప్రతిలో ఎందుకు లేదని, అప్పటికే రిటైరై, వయసు మీద పడిన ఆ సెక్షన్ సిబ్బందిని ప్రాసిక్యూటర్ మళ్లీ అడగాల్సి ఉంటుంది.